ఒకే షెడ్డు, రెండు చిన్న కార్లు

చిన్న కారు అనగానే మారుతిని ఊహించుకోకండి ఫ్రెండ్స్. 1960ల అమెరికాలో 'కాంపాక్ట్' అంటే ఆరుగురు సర్దుకుని కూర్చునే బండి. షెవ్రొలే అలాంటివి రెండు చేసింది, కానీ ఒకదానికొకటి పోలికే లేదు.

మొదటిది 1960 మోడల్ కార్వెయిర్. ఇంజిన్ వెనక ఉంటుంది. ఆరు సిలిండర్లు, అల్యూమినియం బ్లాక్. చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి. అంటే రేడియేటరే లేదు! అదే ఏడాది ఫోర్డ్ ఏ ప్రయోగమూ లేని ఫాల్కన్ తెచ్చి అంతకంటే ఎక్కువ అమ్మేసింది. దాంతో షెవ్రొలే హడావిడిగా 1962 మోడల్‌గా చెవీ టూ దించింది. ఇంజిన్ ముందు, రేడియేటర్, వెనక గట్టి యాక్సిల్. ఏ మెకానిక్‌కైనా తెలిసిన బండే. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప.

అసలు కథ కార్వెయిర్ వెనక చక్రాల్లో ఉంది. బరువులో సగానికి పైగా వెనకే. అక్కడ వాడింది స్వింగ్ యాక్సిల్. అంటే ఒక్కో చక్రం యాక్సిల్‌తో పాటే పైకీ కిందికీ ఊగుతుంది, దాంతో చక్రం వంపు మారిపోతుంది. వేగంగా మలుపు తిప్పితే బయటివైపు చక్రం లోపలికి ముడుచుకుని పట్టు పోవచ్చు, అప్పుడు బండి తోక జారుతుంది. దీనికి కంపెనీ చెప్పిన మందు టైర్లలో గాలి: ముందు 15 పీఎస్ఐ, వెనక 26. ముందు టైర్లు మెత్తగా ఉంటే అవే ముందు జారతాయి, డ్రైవర్‌కి అది కాస్త నయం. మరి గాలి కొట్టేవాడికి ఈ సంగతి తెలియకపోతే? నాలుగింటికీ సమానంగా కొట్టేస్తాడు. కోడ్‌లో బగ్ ఉంచేసి, రీడ్‌మీలో 'జాగ్రత్తగా వాడండి' అని రాసినట్టుంది నాకైతే.

1964లో ముందు యాంటీ-రోల్ బార్, వెనక అడ్డంగా ఒక లీఫ్ స్ప్రింగ్ పెట్టారు. 1965కి వెనక సస్పెన్షన్ మొత్తం మార్చేశారు. సరిగ్గా ఆ ఏడాది చివర్లోనే రాల్ఫ్ నేడర్ పుస్తకం వచ్చింది, మొదటి అధ్యాయమే కార్వెయిర్ మీద! పేరు పోయింది. 1969లో తయారీ ఆగింది. 1972లో ప్రభుత్వ నివేదిక మాత్రం, 1960-63 కార్వెయిర్ ఆ కాలపు మిగతా కార్ల కంటే అధ్వాన్నం కాదంది.

చెవీ టూ మాత్రం నోవా పేరుతో 1979 దాకా బతికింది. నాకు ఇష్టమైంది కార్వెయిరే. కానీ అమ్మని ఎక్కించుకుని వెళ్లాలంటే 1965 తర్వాతదే అడుగుతా.