తిరిగి వచ్చు వేళ
(నేలపట్టు, పులికాట్ పక్షులు నేర్పిన పాఠము)

చదువవలసిన భాగములు: యిర్మీయా 8:4-10, మత్తయి 6:25-34, 10:29-31, రూతు 1:1-7



చలి వెనుకబట్టి ఎండలు ముదరకమునుపు, ఫిబ్రవరి మాసములో, గుత్తి సంఘమునుండి పదునలుగురము సముద్రతీరపు పక్షులను చూచుటకు బయలుదేరితిమి. ఆదివారపు బడి పిల్లలు ఏడుగురు, స్త్రీల సహవాసమునుండి ముగ్గురు, ఉపాధ్యాయుడొకరు, సంఘ పెద్దలు ఇద్దరు, నేను. మెట్ట రైతులకు కొంగలను చూచు ప్రయాణమెందుకని కొందరు నవ్విరి. వేరుశనగ చేతికి రాని యేడు రైలు ఛార్జీ పెట్టి పక్షులను చూడబోవుట వింతగానే తోచును. అయితే పక్షులవైపు కన్నులెత్తి ఆలోచింపుమని శిష్యులకు చెప్పినవాడు మన ప్రభువే. ఆ మాటను మనము వల్లించినంతగా పాటించలేదు.

1. ఎండిన నేలనుండి నీటి యొద్దకు

రాత్రి గుత్తి జంక్షనులో రైలెక్కి, తాడిపత్రి, కడప దాటి, రేణిగుంటలో దిగితిమి. అక్కడనుండి బస్సులో శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా దొరవారిసత్రము చేరితిమి. నేలపట్టు దానికి సమీపముననే యున్నది. మన అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ తీరమున దానికి దాదాపు రెట్టింపు కురియును. అందులో ఎక్కువ భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన వచ్చును. కాబట్టి మన చెరువులు అడుగంటు కాలమున అక్కడి చెరువులు నిండుగా నుండును. పక్షులు ఆ సమయమునే కనిపెట్టి గూళ్లు కట్టును.

నేలపట్టును 1976లో పక్షుల రక్షణాలయముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. చెరువు నీటిలోనే కడప చెట్లు నిలిచి పెరుగుచున్నవి. కట్టమీద నడచుచు చూడగా ప్రతి చెట్టును పూచినట్లు తెల్లగా కనబడెను. దగ్గరకు వెళ్లిన తరువాత అవి పువ్వులు కావు, గూడబాతులని తెలిసినది. ఇంగ్లీషు పుస్తకములలో పెలికాన్ అని చెప్పబడునది ఇదియే. రెక్కలు చాచినయెడల ఏడెనిమిది అడుగులుండును. వాటి నడుమ నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, కంకణములు కూడ గూళ్లు పెట్టియుండెను. పిల్లల కేకలతో చెరువంతయు సంతవలె నుండెను.

2. పక్షికి ఆహారము ఎట్లు వచ్చును?

పిల్లలలో ఒక బాలిక, “అయ్యగారూ, దేవుడు వీటికి అన్నం పెడతాడు గదా, ఎక్కడ పెడతాడు?” అని అడిగెను. మంచి ప్రశ్నయే. గూడబాతు గూటిలో కూర్చుండి నోరు తెరచిన చేప వచ్చి పడదు. తల్లియు తండ్రియు తెల్లవారగానే లేచి చెరువులకును పులికాట్ సరస్సునకును ఎగిరిపోవును. చేపలు పట్టి మ్రింగి, తిరిగి వచ్చి, తమ పెద్ద నోళ్లు తెరచును. పిల్ల తన తలను ఆ సంచి వంటి నోటిలోనికి దూర్చి, తల్లి కక్కిన చేపను తినును. పూర్వము కొన్ని దేశముల క్రైస్తవులు, గూడబాతు తన రొమ్మును చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించునని నమ్మి, గుడులలో ఆ బొమ్మను చెక్కిరి. అది నిజము కాదు. నిజమైనది అంతకంటె సామాన్యమైనది; దినదినము పోయి, దినదినము తిరిగి వచ్చుట.

పరలోకపు తండ్రి వాటిని పోషించుననుమాట ఇందువలన తగ్గిపోదు. వాన ఆయనది, చేప ఆయనది, తల్లి గుండెలోని తొందరయు ఆయన పెట్టినదే. అయితే ఆయన పోషణ అనేక చేతుల మీదుగా వచ్చును. ఒకప్పుడు ఎవరో ఆ చెరువు కట్ట వేసిరి. ఊరివారు ఆ పక్షులపై రాయి వేయక కాపాడుచున్నారు. పక్షుల రెట్ట కలిసిన ఆ నీరు పైరునకు ఎరువగుచున్నది. చింతింపవద్దని ప్రభువు చెప్పినప్పుడు, చేతులు ముడుచుకొమ్మని చెప్పలేదు.

3. నేల రాలిన పిల్ల

కట్ట దిగువను ఒక చెట్టు క్రింద రాలి చచ్చిన పిల్ల పక్షి యొకటి కనబడినది. రెక్కలు ఇంకను పూర్తిగా రాలేదు. బిడ్డలు మౌనముగా నిలిచిరి. పెద్దలలో ఒకరు దానిని చూచి, “అయ్యగారూ, పైన ఉన్నవాటికి తండ్రి అన్నం పెడుతున్నాడు సరే. మరి దీని మాటేమి?” అనెను.

దీనికి త్వరపడి జవాబు చెప్పకూడదు. మత్తయి 10వ అధ్యాయమును మరల చదువుడి. పిచ్చుక నేల రాలదని ప్రభువు వాగ్దానము చేయలేదు. రాలునప్పుడు అది తండ్రికి తెలియకుండ రాలదని మాత్రము చెప్పెను. పంట ఎండదని, బోరు పడునని, బిడ్డ చావడని మనకు వ్రాసి యియ్యబడలేదు. ఎండినను రాలినను లెక్కలో నుండి తప్పిపోము. ఆ మాట చెప్పినవాడు తానే సిలువమీదికి వెళ్లుచుండెను. కాబట్టి అది ఊరకే పలికిన ఓదార్పు కాదు.

4. పులికాట్‌లో యిర్మీయా

మధ్యాహ్నము సూళ్లూరుపేట చేరి, శ్రీహరికోటకు పోవు దారిపై నిలిచితిమి. ఆ దారి పులికాట్ సరస్సు మధ్యగా పోవును. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలక తరువాత పెద్దది ఇదియే. సముద్రమునకును దీనికిని నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా నున్నది. లోతులేని ఆ నీటిలో రాజహంసలు వరుసలు వరుసలుగా నిలిచి, ముక్కును తలక్రిందులు చేసి, బురదనీటిని వడియగట్టుకొని తినుచుండెను. వాటి గులాబి రంగు అవి తిను ఆహారమునుండి వచ్చునని ఉపాధ్యాయుడు చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడిరి. దూరముగా సూదితోక బాతులు తేలుచుండెను. అవి మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతములనుండి చలికి తప్పించుకొని వచ్చి, వేసవికి ముందు తిరిగి పోవును.

మన ప్రజలు ప్రతి కొంగను సైబీరియా పక్షి అందురు. నేలపట్టు గూడబాతు మన దేశపుదే. నీరున్న చోటు వెదకుకొనుచు దేశములోనే తిరుగును. కరవు వచ్చిన మన కూలీలవలెనే.

అక్కడ యిర్మీయా 8వ అధ్యాయము చదివితిమి. ప్రవక్త చెప్పిన సంకుబుడి కొంగకు హెబ్రీ భాషలో గల పేరు, నమ్మకమైన కృప అను మాటనుండి పుట్టినది. ఆ కొంగలు నేటికిని ఏటేట ఆఫ్రికానుండి యూరపునకు పోవుచు ఇశ్రాయేలు దేశము మీదుగా గుంపులుగా ఎగురును. వాటిని చూపి ప్రవక్త, పక్షికి తాను రావలసిన వేళ తెలియును గాని దేవుని జనులకు ఆయన న్యాయము తెలియలేదని దుఃఖించెను.

చదువుట ముగియగానే ఉదయము ప్రశ్న వేసిన పెద్దాయన నీటివైపు తిరిగి నిలువబడెను. ఆయన అనుమతితోనే ఇది వ్రాయుచున్నాను. “వీటికి తిరిగొచ్చే కాలం తెలుసు అయ్యగారూ. మావాడికి తెలీలేదే” అనెను. ఆయన కుమారుడు బెంగుళూరునకు కూలికి పోయి రెండేండ్లాయెను. ఫోను చేయడు, పండుగకు రాడు.

5. ఈ వాక్యము ఎవరిని గద్దించుచున్నది?

తిరుగు ప్రయాణములో నేను ఆ వాక్యమును మరల మరల చదివితిని. వెళ్లినవారిని నిందించుటకు మనము దానిని వాడుదుము. అయితే యిర్మీయా మాటలాడినది యెరూషలేములో నివసించుచున్న వారితో. చిన్నలు పెద్దలు అందరును లాభమునకు ఆశపడిరని పదియవ వచనములో చెప్పుచున్నాడు. ఆ గద్దింపు ఇంటనున్న వారిమీదికే వచ్చుచున్నది.

కరవు వలన ఎలీమెలెకు బేత్లెహేము విడిచిపోయెను. దేవుడు తన జనులకు ఆహారమిచ్చెనని విన్న తరువాత నయోమి తిరిగి వచ్చెను. తిరిగి వచ్చుటకు ఒక వర్తమానము కావలెను. వచ్చినప్పుడు పరిగె ఏరుకొననిచ్చు బోయజు పొలము కావలెను. చెరువున నీరు లేనియెడల కొంగ రాదు. చెట్టుమీద రాళ్లు పడునయెడల గూడు కట్టదు.

దీనికి సాక్ష్యము దూరమున లేదు. చిలమత్తూరు మండలములోని వీరాపురము 2022 వరకు మన అనంతపురము జిల్లాలోనే యుండెను. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అదియు మనవంటి మెట్ట సీమయే. ఏటేట పసుపు ముక్కు గల పెద్ద కొంగలు ఆ ఊరి చింతచెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను లేపుకొని పోవును. ఊరివారు వాటిని కొట్టరు, ఇతరులను కొట్టనియ్యరు. ఎండిన సీమయైనను, చేయి ఎత్తని ఊరు గనుక పక్షి తిరిగి వచ్చుచున్నది.

రేణిగుంట స్టేషనులో నేను ఆ పెద్దాయనను, “అన్నా, అబ్బాయి ఎందుకు వెళ్లినాడు?” అని అడిగితిని. చాలసేపు ఊరకుండి, “బోరు ఎండిపోయినప్పుడు, ఇంటికి అప్పు తెచ్చిపెట్టినావని పదిమందిలో అన్నాను. రాయి వేసింది నేనే” అనెను. తరువాత ఉపాధ్యాయుని ఫోను అడిగి తీసికొని ఆ నెంబరునకు చేసెను. అవతల ఎవరును ఎత్తలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారము ఆరాధన అయిన తరువాత గుడి మెట్లమీద కూర్చుండి చేయుచున్నాడు. ఒకసారి అవతల ఎత్తి, మాటలాడకయే పెట్టివేసిరి. ఆ దినమున ఆయన ముఖము కొంచెము తేటగా నుండెను. కుమారుడు ఇంకను రాలేదు.

6. మన సంఘములో చేయవలసినది

మొదటిది, వలస పోయినవారి పేర్లు ప్రతి సంఘమును ఒక పుస్తకములో వ్రాసికొని, ఆదివారపు ప్రార్థనలో పేరుపేరున తలంచవలెను. రెండవది, అప్పుపడినవానిని సభలో అవమానింపకూడదు. సంఘస్థుని యొద్ద సంఘస్థుడు అధిక వడ్డీ పుచ్చుకొనరాదు. మూడవది, ఊరి చెరువు పూడిక తీయు పనిలో క్రైస్తవులు ముందుండవలెను. నాల్గవది, పిల్లల చేతిలోని ఉండేలును పుచ్చుకొని, వేసవిలో పక్షులకు నీటి మూకుడు పెట్టుట నేర్పవలెను. తల్లి పక్షిని పిల్లలతోకూడ పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున ధర్మశాస్త్రమే చెప్పుచున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటినుండి వెళ్లినవారు తిరిగి వచ్చుటకు మన మాటలలో ఏది అడ్డుగా నున్నది?
2. దేవుడు ఈ సంవత్సరము మనలను ఎవరి చేతులమీదుగా పోషించెను? వారికి కృతజ్ఞత చెప్పితిమా?
3. మన చేతులమీదుగా ఎవరిని పోషింపవలెనని ఆయన కోరుచున్నాడు?

ప్రార్థన

తండ్రీ, రాలిన పిచ్చుకను ఎరిగినవాడా, దూరదేశమున కూలిచేయు మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారు వచ్చు వేళకు మా చెరువులో నీటిని, మా నోట మంచి మాటను ఉంచుము. మేము వేసిన రాళ్లను క్షమించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.