దొంగ ఓటు ఎవరిని దోచుకుంటుంది?

మన ముప్పాళ్ళ మండలం సత్తెనపల్లి నియోజకవర్గంలోనిది. 2014లో ఇక్కడ కోడెల శివప్రసాదరావుగారు అంబటి రాంబాబుగారిపై 924 ఓట్ల తేడాతో గెలిచారు. 1989లో అనకాపల్లి పార్లమెంటు స్థానంలో కొణతాల రామకృష్ణగారి ఆధిక్యత కేవలం 9 ఓట్లు. ఆ గెలుపుల్లో మోసం ఉందని నేను అనడం లేదు. తేడా ఎంత సన్నగా ఉండగలదో గమనించమంటున్నాను. అసెంబ్లీ నియోజకవర్గంలో రెండు వందలకు పైగా పోలింగ్ కేంద్రాలుంటాయి. కేంద్రానికి ఐదు దొంగ ఓట్లు పడితే 924 కాస్తా తారుమారే.

ఈ లెక్క పార్టీలకు మనకన్నా బాగా తెలుసు. కనుకనే పోటీ గట్టిగా ఉన్నచోట వారి కసరత్తంతా ఓటర్ల జాబితా మీదే. చనిపోయినదెవరు, కూలికి హైదరాబాదు వెళ్ళినదెవరు అని ఇల్లిల్లూ ఆరా తీస్తారు. దూరాన ఉన్న తమవారికి కబురుపెట్టి రప్పించుకోవడం న్యాయమే. రానివారి పేరున మరొకరిని పంపడం నేరం. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో పేర్లు తొలగించమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. వాటిలో దొంగ దరఖాస్తులపై పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. ఇక 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటులో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. అది కెమెరాకు చిక్కింది. చప్పుడు లేకుండా జరిగేదే చిక్కదు.

"ఎదుటివాళ్ళు వేయిస్తున్నారు గదా ఫాదర్ గారూ, మనం ఊరుకుంటే ఓడిపోమా?" అంటారు యువకులు. నష్టపోయేది ఎదుటి పార్టీ అనుకోవడమే ఇందులోని పొరపాటు. సాయంత్రం బస్సు దిగి పరుగున వచ్చే కూలీ తల్లి ఓటు పోతుంది. ఏడవ ఆజ్ఞ ప్రకారం దొంగిలించినది తిరిగి ఇవ్వాలి. కోడినైతే ఇవ్వవచ్చు, ఓటును ఎలా ఇస్తారు?

పోలింగ్ ఏజెంటు ఊరివాడు, ముఖాలెరిగినవాడు. అనుమానముంటే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. అభ్యంతరం నిజమైతే వచ్చినవాణ్ణి పోలీసులకు అప్పగిస్తారు. ఇంత సులువైన అవకాశాన్ని ఏజెంట్లు చాలాచోట్ల వాడుకోరు. భయం ఒక కారణం. "మావాళ్ళను నువ్వు చూడకు, మీవాళ్ళను నేను చూడను" అనే ఒప్పందం ఇంకొకటి. నా దృష్టిలో రెండవదే ఎక్కువ హీనం.

మీరు వెళ్ళేసరికి మీ ఓటు ఎవరో వేసేశారా? గొడవపడి తిరిగి రాకండి. గుర్తింపు చూపి టెండర్డ్ ఓటు అడగండి. యంత్రం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ మీద వేయిస్తారు, జాబితాలో సంతకం తీసుకుంటారు. దానిని విడిగా కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు. తేడా స్వల్పమై, 45 రోజుల్లోగా ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేస్తే, ఆ కవరు తెరిపించే అధికారం న్యాయస్థానానికి ఉంది.