కరెంటు మేస్త్రి అడిగే ధర న్యాయమేనా? లెక్క ఇలా కట్టండి

కోతలు అయి నాలుగు పైసలు చేతిలో పడగానే రైతుకు ఇల్లు గుర్తొస్తుంది. పాత వైరింగు మార్చాలి, కొత్త గదికి లైట్లు పెట్టించాలి. మేస్త్రిని పిలిస్తే ఒకరు ఒక ధర చెబుతారు, ఇంకొకరు దానికి ఒకటిన్నర రెట్లు చెబుతారు. తక్కువ చెప్పిన వారిదే న్యాయమనుకుంటే పొరపాటు. పని ఏమిటో ఖాయం కానిదే ధర ఖాయం కాదు.

ముందు పాయింట్లు రాసుకోండి

ఇంటి వైరింగు పాయింట్ల లెక్కన మాట్లాడుకోవడం వాడుక. లైటు ఒక పాయింటు, ఫ్యాను ఒక పాయింటు. గీజరు వంటి వాటి పవర్ ప్లగ్గుకు ధర వేరు. గది గదికీ తిరిగి కాగితం మీద రాసుకోండి. గోడకు గాడి కొట్టడం, పైపు వేయడం, గాడి పూడ్చడం ఆ ధరలోనే ఉన్నాయా అని అడగండి. అదే కాగితం ముగ్గురికి చూపండి. అప్పుడే ధరలు పోల్చడం వీలవుతుంది.

కూలి వేరు, సామాను వేరు

మొత్తం గుత్తకు ఇవ్వకండి. కూలి ఎంతో, సామాను ఎంతో విడదీసి చెప్పించండి. పని ఎన్ని రోజులు, ఎంతమంది చేస్తారో అడగండి. మేస్త్రి, హెల్పరు కలిసి 4 రోజులు చేస్తే, ఇద్దరి రోజు కూలినీ కలిపి 4తో గుణించండి. అడిగిన కూలి దానికి కొంచెం ఎక్కువున్నా న్యాయమే. పనిముట్లు, రాకపోకల ఖర్చు అతనికీ ఉంటాయి కదా! రెట్టింపు ఉంటే మాత్రం ఎందుకో అడగండి.

ఒక్క స్విచ్చి మార్చడానికి సిద్దిపేట నుంచి నంగునూరు, మిరుదొడ్డి వైపు ఊళ్ళకు వచ్చిన మేస్త్రి సగం రోజు కూలి అడిగితే కోపం వద్దు. అతని పూట పోయింది. చిన్న పనులు కూడబెట్టి ఒకేసారి చేయించుకోండి. షాకు కొడుతున్న చోట మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

సామాను మీద కన్నేయండి

వైరుపై ఐఎస్ఐ గుర్తు చూడండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడడం మంచిది. సన్న వైరుతో ధర తగ్గుతుంది, కానీ లోడు పడితే వేడెక్కి కాలుతుంది. వైరు కాయిలు సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. బిల్లు మీ పేరున తీసుకోండి. ఖాళీ కవర్లు దాచి, బిల్లులోని కాయిళ్ళతో సరిచూడండి.

ఎర్తింగు లేని ధర ధరే కాదు

మా ఇంట్లో ఒకసారి అందరికంటే తక్కువ చెప్పిన మేస్త్రికే పని ఇచ్చాం. ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఆకుపచ్చ వైరే లేదు. హీటరు పెట్టిన బకెట్టు ముట్టుకుని చేయి జివ్వుమన్న రోజు తెలిసింది. గుంత తవ్వించి, పైపు దింపించి, గోడలు మళ్ళీ కొట్టించాం. మిగిలిందనుకున్న దానికి రెండింతలు పోయింది. ప్రాణం దక్కింది, అదే చాలు. ఇనుప తీగ దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ షాకుతో పోయినవారి వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే ధర అడిగేటప్పుడు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అందులో ఉన్నాయా అని మొదట అడగండి.

బయానా కొంత, వైర్లు లాగాక కొంత, అన్నీ వెలిగించి చూపాక మిగతాది ఇవ్వండి. మీటరు దాకా వచ్చే లైను విద్యుత్ సంస్థది. అక్కడ తేడా వస్తే ప్రైవేటు మేస్త్రిని ఎక్కనివ్వకండి, 1912కు ఫోన్ చేయండి.

బోరు మోటారుకూ ఇదే లెక్క

మోటారు కాలితే కొత్త రాగి తీగ ఎన్ని కిలోలు పడుతుందో, రీవైండింగు కూలి ఎంతో వేరువేరుగా అడగండి. తీసేసిన పాత రాగి రైతుదే. ఎదుటే తూకం వేయించి, దాని విలువ ధరలో తగ్గించుకోండి. ఒప్పుకున్నదంతా కాగితం మీద ఉంటే మీకూ, మేస్త్రికీ తగాదా ఉండదు.