శరణార్థులకు ఆంగ్లబోధ: ఆస్ట్రేలియాలోని మన విద్యార్థులకు ఒక మార్గము

ఉన్నతవిద్యార్థమై మెల్బోర్న్, సిడ్నీ నగరములకు తరలివచ్చు తెలుగు విద్యార్థులను ఉద్యోగాన్వేషణ సమయమున తప్పక ఎదుర్కొను ప్రశ్న యొకటి కలదు: ఈ దేశములో పనిచేసిన అనుభవము నీకున్నదా యని. పట్టా చేతనుండియు, పరీక్షలలో మంచి మార్కులు పొందియు, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము తోచక ఖిన్నులగువారికి నేను సూచింపదలచినది శరణార్థులకు స్వచ్ఛందముగా ఆంగ్లము నేర్పు పని.

ఈ సేవకు ఆ దేశమున దీర్ఘమైన చరిత్ర కలదు. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము యూరపులో స్వస్థలములను కోల్పోయిన లక్షా డెబ్బదివేల మందిని ఆస్ట్రేలియా స్వీకరించినది. విక్టోరియా రాష్ట్రమున బోనెగిల్లా అనుచోట, పాత సైనిక శిబిరమునందు, 1947లో వారికై యొక కేంద్రము వెలసినది. 1971లో అది మూతపడులోపల మూడులక్షలకు పైగా వలసదారులు ఆ రేకుల కొట్టముల మీదుగా ఆ దేశములో అడుగిడిరి. వారికి భాష నేర్పుటకై 1948లో ప్రారంభమైన ప్రభుత్వ ప్రణాళికయే నేటి అడల్ట్ మైగ్రంట్ ఇంగ్లీష్ ప్రోగ్రామ్. అందరు ఏఎంఈపీ యందురు. ఒక్కొక్కరికి 510 గంటల బోధనయే యను పూర్వపు పరిమితిని 2021లో తొలగించిరి. తరగతిలో నేర్చినది చాలనివారికి, పసిబిడ్డలతో ఇల్లు కదలలేని తల్లులకు, వారమున కొకమారు వెళ్లి తోడ్పడు వాలంటీర్ ట్యూటర్లు ఈ ప్రణాళికలో అంతర్భాగము.

భాష చేతికందిన పిమ్మట ఏమి జరుగునో చూడగోరువారు విక్టోరియా పశ్చిమభాగమున గల నిల్ అను చిన్న పట్టణమును తలచుకొనవలెను. రెండువేల జనాభా గల ఆ యూర బాతుమాంసము తయారుచేయు లవ్-ఎ-డక్ సంస్థకు పనివారు దొరకని కాలమున, దాని నిర్వాహకుడు జాన్ మిల్లింగ్టన్, ఆయన భార్య మార్గరెట్ చొరవతో, బర్మానుండి శరణార్థులై వచ్చిన కరెన్ జాతి కుటుంబములు 2010 నుండి అచ్చట స్థిరపడినవి. వారికి ఆంగ్లము నేర్పుటయందును, ఊరితో పరిచయము కలిగించుటయందును స్థానికులు స్వచ్ఛందముగా పాల్గొనిరి. ఆ రాకవలన ప్రాంతపు ఆర్థికవ్యవస్థకు 4.15 కోట్ల డాలర్లు సమకూరినవనియు, 70 ఉద్యోగములు పెరిగినవనియు 2015లో డెలాయిట్ సంస్థయు, వలసదారులకు తోడ్పడు ఏఎంఈఎస్ సంస్థయు జరిపిన అధ్యయనము తేల్చినది.

అయినను మన విద్యార్థులలో పెక్కురకు ఒక సంకోచము కలదు. ఆంగ్లము మాతృభాష కాని మేము, ఉచ్చారణయందు తెలుగుదనము వీడని మేము, పరులకేమి నేర్పగలమని వారి శంక. నా దృష్టిలో వారి యోగ్యత యంతయు అచ్చటనే యున్నది. ఆంగ్లము ఉగ్గుపాలతో అబ్బినవాడు ఆర్టికల్స్ ఎచ్చట వాడవలెనో తడుముకొనక చెప్పును గాని, ఎందుకట్లు వాడవలెనో వివరింపజాలడు. ఏలూరులోనో నల్లగొండలోనో తెలుగు మాధ్యమమున చదివి, ఆ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుకొని వచ్చినవానికి, నలుగురిలో నోరు తెరువ జంకుట యెట్టిదో, తప్పు మాటాడినపుడు నవ్వినవారి ముఖములెట్లు గుర్తుండునో తెలియును. ఆఫ్ఘనిస్థానమునుండి వచ్చి, జీవితములో మొదటిసారిగా కలము పట్టిన నడివయస్సు స్త్రీకి అట్టి గురువే కావలెను.

ఈ బోధలో వ్యాకరణమునకు పాలు తక్కువ. బస్సు వేళల పట్టిక, డాక్టరుతో అపాయింట్‌మెంట్, పిల్లల బడినుండి వచ్చిన లేఖ, ప్రభుత్వ సహాయమునకై నింపవలసిన సెంటర్‌లింక్ ఫారము, ఇవియే పాఠములు. క్లిష్టమైన విషయమును చిన్న వాక్యములలో చెప్పుట, ఎదుటివాని మౌనము అర్థమైనదనుటకో కానిదనుటకో గ్రహించుట, తొందరపడక వినుట, వారము వారము సాధనచేయగా అలవడును. రోగితో మాటాడవలసిన నర్సుకు, కంప్యూటరు పరిభాష తెలియని ఖాతాదారునకు లోపము వివరింపవలసిన ఇంజనీరుకు ఇంతకు మించిన శిక్షణ ఏది? అధ్యాపకవృత్తినే కోరువారు ఆంగ్లబోధకులకు ఉద్దేశించిన సర్టిఫికెట్ ఫోర్ ఇన్ టెసోల్ గాని, సెల్టా గాని చదువవచ్చును. సెల్టాలోని 120 గంటల శిక్షణలో ఆరు గంటలు ప్రత్యక్షముగా బోధింపవలెను. ముందే శరణార్థుల యెదుట నిలిచినవారికి ఆ ఆరు గంటలు భయము గొలుపవు.

ఆచరణలో కొన్ని జాగ్రత్తలు కలవు. చేరునపుడు పోలీస్ చెక్ అడుగుదురు. పిల్లలతో పనియైనచో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ కూడ ఉండవలెను. విక్టోరియాలో స్వచ్ఛంద సేవకులకు ఇది ఉచితమే గాని, జీతపు ఉద్యోగమునకు ఆ కార్డు చెల్లదు. స్టూడెంట్ వీసా గలవారు పక్షమునకు 48 గంటల పని పరిమితిని దృష్టిలో నుంచుకొని, తమ సేవ ఆ లెక్కలోనికి వచ్చునో రాదో హోం అఫైర్స్ శాఖ నియమములలో చూచుకొనవలెను. మీ యొద్ద నేర్చుకొను శరణార్థి తన వీసా లేఖ తెచ్చి సలహా అడిగినచో, ఎంత జాలి కలిగినను సొంత సలహా ఇయ్యరాదు. రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటుగాని, న్యాయవాదిగాని కానివారు అట్లు చేయుట ఆ దేశమున నేరము. యుద్ధము గూర్చియు, చనిపోయినవారిని గూర్చియు వారు తామై చెప్పినచో వినవలెనే తప్ప ప్రశ్నింపరాదు. నెలరోజులు వెళ్లి మానివేయదలచినవారు మొదలే వెళ్లకుండుట మేలు; ఎన్నో మారులు విడువబడినవారిని మరల విడుచుట చిన్న తప్పు కాదు.

ఉద్యోగపు దరఖాస్తులో ‘ఆంగ్లము నేర్పితిని’ యని యొక్క పంక్తి వ్రాసిన చాలదు. ఏ స్థాయివారికి, ఎన్ని నెలలు నేర్పితిరో, ఏ పాఠములు స్వయముగా తయారుచేసితిరో వ్రాయుడు. అచ్చటి సంస్థలు సాధారణముగా ఇద్దరు రిఫరీల పేర్లు కోరును గనుక, మీ పనిని దగ్గరనుండి చూచిన సమన్వయకర్తను ముందుగా అడిగి, అంగీకారము పొంది, ఆ పేరు జతచేయుడు.