ఫార్ములాకు ముందు ఒక మాట

తెనాలి,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

"ఫార్ములాలన్నీ నోటికొచ్చు తాతయ్యా, అయినా ప్రాక్టీస్ టెస్టులో మార్కులు రావట్లేదు" అన్నావు పొద్దున ఫోన్లో. మే నెలలో నీకు అమెరికా కాలేజ్ బోర్డు వారి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ 1 పరీక్ష. మాకిక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశే! మీ అమ్మ పంపిన పరీక్ష పద్ధతిని సాయంత్రం కూర్చుని చదివాను. జబ్బెక్కడుందో తెలిసినట్టే అనిపించింది.

80 నిమిషాల్లో 40 బిట్లు, 100 నిమిషాల్లో 4 పెద్ద ప్రశ్నలు. మార్కులు చెరిసగం. ఫార్ములాల పట్టిక వాళ్లే ఇస్తారు, క్యాలిక్యులేటరూ ఉండనిస్తారు. మరి వాళ్లే ఇచ్చేదాన్ని బట్టీ పట్టినందుకు మార్కులెందుకు వేస్తారమ్మా? వాళ్లకు కావలసింది "ఎందుకు" అన్నదానికి నీ జవాబు.

ఆ "ఎందుకు" దగ్గరే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నాకు లఘులోలకం వచ్చింది. రికార్డు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను, అదీ సీనియర్ రికార్డు చూసి. వైవాలో ఎగ్జామినర్ గారు ఒక్కటే అడిగారు: "ఇరవై డోలనాలు ఎందుకు లెక్కపెట్టావు? ఒకటి చాలదా?" నేను "పుస్తకంలో అలాగే ఉందండీ" అన్నాను. ఆయన నవ్వి రికార్డు మూసేశారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

జవాబు చాలా చిన్నది. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి ఒక 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుందనుకో. ఒక్క డోలనమే కొలిస్తే ఆ తప్పంతా దాని నెత్తినే పడుతుంది. ఇరవై కొలిచి భాగిస్తే ఒక్కోదాని వాటాకు వచ్చేది 0.01 సెకనే. మీ పరీక్షలో ప్రయోగం రూపొందించమనే ప్రశ్నకు 10 మార్కులు. ఏది కొలుస్తావు, దేనితో కొలుస్తావు, తప్పు ఎలా తగ్గిస్తావు, గ్రాఫు ఎలా గీస్తే సరళరేఖ వస్తుంది అని అందులో అడుగుతారు. తలుపు గడియకు దారం కట్టి, చివర తాళంకప్ప వేలాడదీసి, కొంచెమే పక్కకు లాగి వదులు. దారం పొడవు మారుస్తూ కొలువు. పొడవుకు ఎదురుగా డోలనకాలం వర్గం వేస్తే గీత తిన్నగా వస్తుంది. దాని వాలు నుంచి గురుత్వ త్వరణం 'జి' నువ్వే రాబట్టగలవు. ఒక్కసారి చేత్తో చేసింది పరీక్ష హాల్లో మరిచిపోవు.

ఇంకో ఆట. అమ్మ గాజొకటి, గోళీ ఒకటి తీసుకుని ఏటవాలు పలక మీద ఒకే గీత నుంచి దొర్లించు. వదిలేముందే ఏది ముందొస్తుందో, ఎందుకో రెండు వాక్యాల్లో కాగితం మీద పెట్టు. గాజు బరువంతా అంచునే ఉంది కాబట్టి దిగేటప్పుడు దక్కిన శక్తిలో దాదాపు సగం తిరగడానికే ఖర్చవుతుంది. గోళీకి ఆ ఖర్చు ఏడింట రెండు వంతులే. అందుకే గోళీ గెలుస్తుంది, చిన్నదైనా పెద్దదైనా సరే. మీ పెద్ద ప్రశ్నల్లో ఒకటి అచ్చం ఇలాగే నడుస్తుంది: ముందు మాటల్లో చెప్పు, తర్వాత సమీకరణం రాబట్టు, రెండూ పొసిగాయో లేదో చూపించు. నువ్వేమో మాటలు దాటేసి తిన్నగా సమీకరణంలోకి దూకుతున్నావు.

బలాల బొమ్మ గీసేటప్పుడు నిజంగా వస్తువును తోసేవీ లాగేవీ మాత్రమే గియ్యి. ఒక్కో బలానికి ఒక్కో బాణం, చుక్క దగ్గర మొదలై బయటికి. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది ఆ బలాల ఫలితం. దానికి వేరే బాణం గీశావో, మార్కు పోయినట్టే.

మా ఎంసెట్ పిల్లలకు 180 నిమిషాల్లో 160 బిట్లు ఉండేవి. గుర్తుపట్టు, టిక్కు పెట్టు, ముందుకు నడువు అని నేనే ముప్పై ఏళ్లు తోమాను. ఆ అలవాటు నీ బిట్లకు పనికొస్తుంది. తప్పు జవాబుకు మార్కు కొయ్యరు కనుక ఒక్కటీ ఖాళీగా వదలకు. పెద్ద ప్రశ్నలకు మాత్రం ఆ పరుగు పనికిరాదు. పాత ప్రశ్నలూ, మార్కులు వేసే పద్ధతీ కాలేజ్ బోర్డు వాళ్లే బయటపెడతారు. వారానికి రెండు ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదానికి 25 నిమిషాలు గడియారం పెట్టుకుని రాయి. తర్వాత నీ కాగితాన్ని నువ్వే ఎగ్జామినర్‌వై దిద్దు. ఏ వాక్యం రాయనందుకు ఏ మార్కు పోయిందో అప్పుడు కళ్లకు కడుతుంది.

వచ్చే ఆదివారం కాల్‌లో మార్కుల ఊసెత్తను. గాజూ గోళీ ముందు పెట్టుకుని కూర్చో. పుస్తకం మూసి, గోళీ ఎందుకు గెలిచిందో అమ్మమ్మకు తెలుగులో చెప్పు. అమ్మమ్మ ఫిజిక్స్ చదవలేదు. ఆవిడకు అర్థమైందంటే నీకు వచ్చినట్టే.

ప్రేమతో,
మీ తాతయ్య