దొరికిందల్లా మనదేనా? సినిమా, మ్యాచ్, పాట: కాపీరైట్‌పై ఒక అధ్యయనం

అధ్యయన భాగాలు: 2 సమూయేలు 24:18-25, యిర్మీయా 22:13, మత్తయి 10:8, 1 కొరింథీయులకు 9:1-18, యాకోబు 5:4



సౌదీలో మన యవ్వనస్తుల మధ్య తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఐపీటీవీ పెట్టెకు మేం ఏడాదికోసారి డబ్బు కడుతున్నాం. ఊరికే చూడట్లేదు కదా, మరి ఇది దొంగతనం ఎలా అవుతుంది?” ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. రోజంతా ఎండలో పనిచేసి, గదికి ఆరుగురు చొప్పున ఉంటూ, రాత్రి కాసేపు మన భాష వినాలనుకునే తమ్ముడు అడిగే ప్రశ్న ఇది. జవాబు కూడా అంతే నిజాయితీగా ఉండాలి.

ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎవరో ఒకరు అసలైన ఛానెల్‌కు ఒకే ఒక్క చందా కడతారు. వచ్చిన ప్రసారాన్ని రికార్డు చేసి, లోగో కనబడకుండా చేసి, తమ సర్వర్ల ద్వారా వేలమందికి పంపుతారు. మధ్యలో ఏజెంట్లు ఉంటారు. మనం కట్టే రియాళ్ళు ఏజెంటుకు, సర్వరు యజమానికి చేరతాయి. మ్యాచ్ ఆడించినవారికీ, సినిమా తీసినవారికీ ఒక్క హలాలా కూడా వెళ్ళదు. అంటే డబ్బు కట్టామన్నది నిజమే, కట్టవలసినవారికి కట్టలేదన్నదీ నిజమే. పక్కింటి మేకను ఎత్తుకొచ్చినవాడి దగ్గర మనం ధర పెట్టి కొన్నంత మాత్రాన ఆ మేక మనదైపోదు.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకున్న ఉదాహరణ మనం పనిచేస్తున్న ఈ దేశంలోనే జరిగింది. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు చెందిన బీఇన్ స్పోర్ట్స్ సంస్థ దగ్గర ఈ ప్రాంతంలో పెద్ద ఫుట్‌బాల్ పోటీల ప్రసార హక్కులుండేవి. ఆ ఛానెళ్ళను సౌదీలో నిలిపివేశారు. అభిమానులు మాత్రం ఎక్కడికి పోతారు? ఆగస్టు నాటికి ‘బీఅవుట్‌క్యూ’ అనే కొత్త ఛానెల్ పుట్టింది. పేరులోనే వెటకారం ఉంది. బీఇన్ ప్రసారాన్నే కొన్ని క్షణాలు ఆలస్యంగా, లోగో మీద తన లోగో పెట్టుకుని, పది ఛానెళ్ళలో చూపించేది. పెట్టెలు బజార్లలో బహిరంగంగానే అమ్ముడయ్యాయి. 2018 రష్యా ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా అలాగే ప్రసారమయ్యాయి.

ఫిఫా, ప్రీమియర్ లీగ్ వంటి హక్కుదారులు సౌదీలో కేసు వేద్దామని తొమ్మిది న్యాయవాద సంస్థలను సంప్రదించామనీ, కొన్ని ఒప్పుకోలేదనీ, కొన్ని ఒప్పుకుని తర్వాత తప్పుకున్నాయనీ ప్రకటించారు. సౌదీ ప్రభుత్వం ఆ ఛానెల్‌తో తనకు సంబంధం లేదంది. రియాద్ కేంద్రంగా ఉన్న అరబ్‌శాట్ ఉపగ్రహ సంస్థ కూడా ఆరోపణలను ఖండించింది. ఖతార్ ఈ గొడవను ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకెళ్ళింది.

2020 జూన్ 16న ఆ సంస్థ ప్యానెల్ నివేదిక వెలువడింది. అందులో ఒక సూక్ష్మమైన విషయముంది, మన పాఠానికి చాలా పనికొస్తుంది. దేశ భద్రత దృష్ట్యా ఖతార్ సంస్థతో లావాదేవీలు తెంచుకోవడం, దానివల్ల ఆ సంస్థకు ఇక్కడ లాయరు దొరకకపోవడం వరకు మినహాయింపు వర్తిస్తుందని ప్యానెల్ అంగీకరించింది. దొంగ ప్రసారం చేసేవారిపై క్రిమినల్ చర్య తీసుకోకపోవడానికి మాత్రం ఆ మినహాయింపు చెల్లదంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, నీకు ఒకరితో వైరం ఉండవచ్చు, వారితో మాట్లాడకపోవచ్చు, వ్యాపారం చేయకపోవచ్చు. కానీ ఆ వైరం వారి సొత్తు దోచుకోనివ్వడానికి సాకు కాదు. సౌదీ అప్పీలు చేసింది. అప్పటికే అప్పీలు వినే విభాగం సభ్యులు లేక ఆగిపోయి ఉండటంతో అది అక్కడే నిలిచింది. 2021 జనవరిలో అల్-ఉలాలో దేశాలు రాజీపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో ఈ వివాదాన్ని కూడా ఇరుపక్షాలు ముగించుకున్నాయి.

తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బును కొనడానికి సౌదీ పెట్టుబడి నిధి 2020లో చేసిన ప్రయత్నం ఆగిపోయినప్పుడు పైరసీ గొడవ కూడా ఒక అడ్డంకిగా చర్చకు వచ్చింది. 2021 అక్టోబరులో బీఇన్‌పై నిషేధం తొలగుతున్నట్టు వార్త వచ్చిన మరునాడే ఆ కొనుగోలు పూర్తయింది. ఇప్పుడు రొనాల్డో వంటి ఆటగాళ్ళు సౌదీ లీగ్‌లో ఆడుతున్నారు. 2034 ప్రపంచకప్ ఇక్కడే జరగబోతోంది. హక్కులు అమ్ముకునే స్థానంలోకి వచ్చిన దేశానికి దొంగ ప్రసారం ఎంత బాధో ఇక వేరే చెప్పనక్కరలేదు. మేధో సంపత్తికి ప్రత్యేక సంస్థనే పెట్టుకున్నారు. ఇక్కడి 2003 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రెండున్నర లక్షల రియాళ్ళ వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు విధించవచ్చు. ఇకామా మీద బతికే మనం ఈ మాటను పెట్టెలు అమ్మి నాలుగు రాళ్ళు సంపాదించే మన తమ్ముళ్ళ చెవిన తప్పక వేయాలి. పట్టుబడితే ఆపదలో పడేది సర్వరు యజమాని కాదు, ఆ తమ్ముడే. ఊళ్ళో అతని జీతం మీద ఆధారపడిన ఇల్లు ఉంటుంది.

ఇక మన సినిమాల సంగతి. సౌదీలో మూడున్నర దశాబ్దాల పాటు థియేటర్లే లేవు. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో ‘బ్లాక్ పాంథర్’తో మళ్ళీ తెర లేచింది. అదే జూన్‌లో రజనీకాంత్ ‘కాలా’ వచ్చింది. అంతకు ముందు ఇక్కడ పనిచేసినవారికి చిరంజీవి సినిమా అయినా, బాలకృష్ణ సినిమా అయినా బత్హా సందుల్లో దొరికే సీడీనే. దారి మూసేసినచోట జనం గోడ దూకుతారన్నది అర్థం చేసుకోగలం. అయితే ఇప్పుడు థియేటర్లున్నాయి, ఓటీటీలున్నాయి, హక్కుదారులే యూట్యూబ్‌లో పెట్టిన పాత సినిమాలు ఎన్నో ఉన్నాయి. దారి తెరిచాక కూడా గోడే దూకుతుంటే దాన్ని అలవాటనే అనాలి.

అభిమానుల వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది: పైరసీ వల్ల నష్టమేం లేదు, ‘అత్తారింటికి దారేది’ చూడండి అని. 2013 సెప్టెంబరు 22న ఆ సినిమా సగానికి పైగా విడుదలకు ముందే బయటికొచ్చేసింది. అక్టోబరులో రావలసిన సినిమాను హడావిడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. అభిమానులు పట్టుదలగా థియేటర్లకు వెళ్ళారు, పెద్ద విజయం సాధించింది. నిజమే. కానీ అక్కడ కాపాడింది పవన్ కల్యాణ్ వెనుక ఉన్న అభిమాన సైన్యం. కొత్త కుర్రాడు అప్పు చేసి తీసిన చిన్న సినిమాకు ఆ సైన్యం ఎక్కడుంది? బలవంతుడు దెబ్బ తట్టుకున్నాడు కాబట్టి దెబ్బ కొట్టవచ్చనడం న్యాయం కాదు.

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైట్ నిర్వహిస్తున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు సోషల్ మీడియాలో చాలామంది అతని పక్షాన మాట్లాడారు. టికెట్ ధరలు పెంచి పేదవాడిని థియేటరుకు దూరం చేశారన్న కోపం అందులో ఉంది. ఆ కోపంలో న్యాయముందనే నేనూ అంటాను. కానీ ధర ఎక్కువైతే చూడకుండా ఉండవచ్చు, ఓటీటీలో వచ్చేదాకా ఆగవచ్చు. సినిమా అన్నం కాదు. పైగా ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం జరిగిందని పోలీసులు చెప్పారు. బెట్టింగ్ వల్ల ఎన్ని తెలుగు ఇళ్ళు ఆరిపోయాయో మనకు తెలుసు. ఉచితంగా చూపించేవాడు తన కూలి ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు.

యాకోబు తన పత్రికలో పొలం కోసినవారి కూలి బిగపట్టిన ధనవంతులను గద్దిస్తాడు. యిర్మీయా కూడా పొరుగువాని చేత జీతం లేకుండా పని చేయించుకునేవారికి శ్రమ అంటాడు. సినిమా అంటే మనకు హీరో ముఖమే గుర్తొస్తుంది. పరిశ్రమలో మాత్రం ఇరవై నాలుగు శాఖల కార్మికులున్నారు. 2025 ఆగస్టులో వారు వేతనాలు 30 శాతం పెంచమని సమ్మె చేశారు. చివరికి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. లైట్‌మ్యాన్ కూలి విడుదలకు ముందే ఇచ్చేస్తారు కదా, పైరసీతో అతనికేం పోతుంది అని అడగవచ్చు. ఈ సినిమాకు పోకపోవచ్చు. నిర్మాత మునిగితే తర్వాతి సినిమా ఉండదు, ఆ పనీ ఉండదు. జీతాలు ఆగిన కంపెనీల్లో నెలల తరబడి ఎదురుచూసిన మనవాళ్ళకు ఈ బాధ వివరించనక్కరలేదు.

థియేటర్లో హీరో ఎంట్రీని ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టడం కూడా చిన్న విషయమనుకోవద్దు. భారతదేశంలో 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా థియేటర్లో రికార్డు చేయడం మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు పడదగిన నేరం.

ఇంతవరకు చదివి, సినిమాలు చూడని మాకెందుకీ పాఠం అనుకునే పెద్దలున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన కూడికల సంగతి చూద్దాం. వాట్సాప్‌లో వచ్చిన ట్రాకులు, అనుమతి లేని పాటల పీడీఎఫ్‌లు, ఎవరి ఆల్బమ్‌నో దించి మన ఛానెల్‌లో పెట్టిన వీడియోలు. ఊళ్ళో ఒక సహోదరుడు స్టూడియో అద్దె, తబలా, ఫ్లూట్, మిక్సింగ్ అన్నీ చేతి డబ్బుతో పెట్టుకుని పాట విడుదల చేస్తాడు. మనం దాన్ని మన పేరుతో ఎక్కించుకుంటే, అతనికి రావలసిన వీక్షణలూ కొద్దిపాటి ఆదాయమూ చీలిపోతాయి. సినిమా ట్యూనుకు మన మాటలు అతికించే అలవాటు గురించి ఇక్కడ రాయను, దానికి వేరే పాఠమే కావాలి.

అమెరికాలో ఒక కేసు జరిగింది. ఎఫ్.ఈ.ఎల్. పబ్లికేషన్స్ అనే సంస్థ తన పాటలను అనుమతి లేకుండా కాపీ చేసుకుంటున్నారని చికాగో కాథలిక్ సంఘంపై దావా వేసింది. 1984లో జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించమంది. పై కోర్టు అందులో ఎక్కువ భాగాన్ని తర్వాత కొట్టేసింది, అది వేరే సంగతి. క్రైస్తవులను వారి ప్రేమను బట్టి లోకం గుర్తుపడుతుందని చెప్పే ప్రసిద్ధ ఆంగ్ల గీతాన్ని ప్రచురించింది ఆ సంస్థే. 1988లో మొదలైన సీసీఎల్ఐ వంటి లైసెన్సు పద్ధతులకు ఇలాంటి గొడవలే నేపథ్యం.

“ఉచితంగా పొందాం, ఉచితంగా ఇవ్వాలి కదా” అని మత్తయి 10:8 ఎత్తి చూపేవారున్నారు. ఆ మాట ప్రభువు ఎవరితో చెప్పాడో చూడండి. ఇచ్చేవారితో చెప్పాడు, తీసుకునేవారితో కాదు. పౌలు కూడా కొరింథు సంఘంలో జీవనోపాధి పొందే హక్కు తనకు ఉందని వాదించి, ఆ తర్వాత దాన్ని తానే వదులుకున్నాడు. అతని హక్కును కొరింథీయులు అతని తరఫున వదిలేయలేదు. దావీదు అరౌనా కళ్ళం దగ్గర నిలబడినప్పుడు అరౌనా కళ్ళం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే ఇస్తానన్నాడు. అయినా దావీదు తనకు ఖర్చు కానిది దేవునికి అర్పించనని యాభై తులాల వెండి ఇచ్చి కొన్నాడు. మన విషయంలో యజమాని ఇస్తాననైనా అనలేదు, మనమే ఎడ్లను తోలుకొచ్చి బలిపీఠం కడుతున్నాం.

చట్టం మనల్ని పాడుకోనివ్వదని భయపడకండి. నిజమైన మత సంబంధ కార్యక్రమంలో పాట పాడుకోవడం ఉల్లంఘన కాదని భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆ మినహాయింపు పాడటానికే గాని, రికార్డు చేసి ఛానెల్‌లో పెట్టడానికో, పుస్తకం అచ్చేయడానికో కాదు. రచయిత మరణం తర్వాత భారతదేశంలో 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలను ఎవరైనా అచ్చేయవచ్చు, పంచవచ్చు. అయితే వాటిని కొత్తగా వాయించి రికార్డు చేసిన ట్రాకు మాత్రం ఆ రికార్డు చేయించినవారిది.

బతికున్న రచయితల పాటల విషయంలో చేయవలసింది కష్టమేం కాదు. ఫైలు బదులు వారి లింకు పంపండి. తెర మీద పాట కింద పేరు వేయండి. మన ఛానెల్‌లో పెట్టాలంటే ఒక సందేశం పంపి అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, కాదంటే ఆగుదాం. పాట మనకు ఆశీర్వాదమైతే ఎంతో కొంత కానుక పంపడం మరీ మంచిది.

రచయిత ఎవరో ఎంత వెతికినా తెలియని పాటలు కొన్ని ఉంటాయి. వాటిని పాడుకోండి. రికార్డు చేసేటప్పుడు మాత్రం ‘పాత గీతం’ అనో, ‘మా సహవాసం సమర్పణ’ అనో రాయకుండా, ‘రచయిత వివరాలు తెలియవు, తెలిసినవారు తెలియజేయగలరు’ అని రాయండి. ఎవరైనా ఆ పాట మా నాన్నగారిదని రాస్తే, ఆ రోజే పేరు చేర్చండి.