గొలుసు రంపము – దాని కార్బ్యురేటరు



2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణ ప్రాంతమును తాకినప్పుడు అసంఖ్యాకములగు చెట్లు నేల గూలెను. మా వీధికి అడ్డముగా బడిన వేపచెట్టును తొలగించుటకై నేనొక పాత గొలుసు రంపమును బయటికి దీసితిని. అది నీరసముగా నడచుట చూచి, కార్బ్యురేటరుపై నున్న స్క్రూ నొకదానిని కొంచెము బిగించితిని. తక్షణమే రంపము గొంతు హెచ్చించి ఉరుకసాగెను. నా నేర్పునకు నేనే మురిసితిని. పావుగంట గడవకముందే ఇంజను పట్టివేసి నిలిచిపోయెను. విప్పి చూడగా పిస్టను నిండ గీతలు పడియుండెను. ఇరుగుపొరుగువారు చేతిరంపములతో చీకటిపడువరకు శ్రమపడిరి. నేను చేసిన తప్పేమి? అదియే ఈ పాఠము.

కార్బ్యురేటరు చేయు పని

పెట్రోలును గాలితో తగుపాళ్లలో కలిపి ఇంజనున కందించుటయే కార్బ్యురేటరు పని. గొలుసు రంపమునకుండు రెండు స్ట్రోకుల ఇంజనులో నూనెకు ప్రత్యేకమైన తొట్టి లేదు. నూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు. కావున పెట్రోలు తగ్గినచో మంటకు ఇంధనము తగ్గుటయే గాక, పిస్టనునకు నూనెయు తగ్గును, వేడిమియు పెరుగును. స్క్రూను బిగించి నేను చేసినది ఇదియే. రంపము వేసిన ఆ కేక బలమునకు గురుతు గాదు, దాహమునకు గురుతు.

మోటారు సైకిలు కార్బ్యురేటరులలో సాధారణముగా పెట్రోలుపై తేలు బుడ్డి యుండును. రంపమును ప్రక్కకును తలక్రిందుగను త్రిప్పి కోయవలసి యుండుటచే అట్టి బుడ్డి ఇందు పనికిరాదు. దీనికి బదులుగా డయాఫ్రములనబడు రెండు పలుచని పొరలు గలవు. ఇంజను లోపలి ఒత్తిడి హెచ్చుతగ్గులు సన్నని రంధ్రము గుండ వచ్చి మొదటి పొరను ఆడించును. అది తొట్టినుండి పెట్రోలును తోడును. ఇంజను పీల్చినపుడు రెండవ పొర లోనికి వంగి చిన్న మీటను నొక్కును. మీట సూదిని లేపి పెట్రోలును లోనికి విడుచును. ఈ పొరలు బిరుసెక్కినచో రంపము సరిగా నడవదు.

మరమ్మతు క్రమము

స్క్రూలను ముట్టుటకు ముందు ఈ పనులు చేయవలయును.

1. పాత పెట్రోలును పారబోసి క్రొత్త మిశ్రమమును పోయుడు. యంత్రముతో వచ్చిన పుస్తకములో 50కి 1 పాలని యున్నచో లీటరునకు 20 మిల్లీలీటర్ల నూనె. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. నేటి మన పెట్రోలులో కలియు ఎథనాలు తేమను పీల్చును, పాత పొరలను చెరచును. కావున రంపమును దాచునపుడు తొట్టిని ఖాళీచేయుడు.

2. గాలి వడపోతను, తొట్టిలోని పెట్రోలు వడపోతను శుభ్రపరచుడు. పెట్రోలు గొట్టము చిట్లియున్నచో మార్చుడు.

3. ప్లగ్గు తీగను ఊడదీసి, పిమ్మట కార్బ్యురేటరును విప్పుడు. తీసిన భాగములను తీసిన వరుసనే తెల్లగుడ్డపై పేర్చుడు. లోపలి చిన్న జల్లెడను కడుగుడు. రంధ్రములలో తీగ గ్రుచ్చరాదు. బిరుసెక్కిన పొరలకు బదులు క్రొత్తవి వేయుడు.

స్వరము కూర్చుట

ఎల్ అను స్క్రూ మంద వేగమునకు, హెచ్ అనునది పూర్ణ వేగమునకు, టి అనునది ఊరక నడచు వేగమునకు చెందును. ఎల్, హెచ్ స్క్రూలను కుడివైపునకు త్రిప్పిన పెట్రోలు తగ్గును, ఎడమకు త్రిప్పిన పెరుగును. ఈ రెంటిని మెల్లగా మూసి, పుస్తకములో చెప్పినన్ని చుట్లు తెరువుడు. అనేకములైన పాత రంపములకు ఒక చుట్టు మొదట చాలును. బలముగా బిగించినచో స్క్రూ మొన చెడును.

ఇంజను వేడెక్కిన పిదప మీట నొక్కినపుడు తడబడినచో ఎల్‌ను కొంచెము తెరువుడు. ఊరక నడచునపుడు గొలుసు కదలకుండ టి స్క్రూను అమర్చుడు. కొయ్య తగులకుండ పూర్ణ వేగమున నడపినపుడు స్వరము కొంచెము బొంగురుగ నుండి, కొయ్యలో దిగగానే తేటపడవలయును. అట్లుగాక సన్నగా కేకవేసినచో వెంటనే ఆపి, హెచ్‌ను తెరువుడు. ఈ పరీక్ష కొన్ని క్షణములు మాత్రమే చేయదగును.

పిల్లలారా, రంపమును నడపుట అనుభవముగల పెద్దల పని. మీరు దూరముగా నిలిచి చెవియొగ్గి వినుడు. తల్లిదండ్రులారా, తుపాను వచ్చిన నాడు గాక, రాకముందే రంపమును విప్పి చూడుడు.

ప్రశ్నలు: 1. తేలు బుడ్డి రంపమునకు ఏల పనికిరాదు? 2. పెట్రోలు తగ్గిన పిస్టను ఏల చెడును? 3. స్క్రూను త్రిప్పుటకు ముందు చూడవలసినవి ఏవి?